గోదావరి యొడ్డు పుస్తకపు టంగళ్లు

ఒక్కొక్క యూరికి ఒక్కొక్క సరకు పేరు తెచ్చుచుండును. పోచంపల్లి యన్నచో చీరలు, నిర్మల్ అన్నచో కొయ్యబొమ్మలు, ఆత్రేయపురమన్నచో పూతరేకులు మనకు జ్ఞప్తికి వచ్చును. పుస్తకముల వలన పేరు పొందిన యూళ్లు మాత్రము లోకమున మిక్కిలి తక్కువ. దీనికి కారణము వెదకుటకు దూరము పోనక్కఱలేదు. పుస్తకము బియ్యము వంటిది గాదు, ఉప్పు వంటిది గాదు. ఒకమాఱు కొన్నవాడు దానిని ఇరువదియేండ్లు దాచుకొనును. పొరుగువానికి ఎరువిచ్చి ఆ పొరుగువాడు కొననక్కఱలేకుండ జేయును. ఇట్టి వస్తువును నమ్ముకొని ఒక యంగడి బ్రదుకుటయే కష్టము. ఒక పట్టణమునకు దానివలన పేరు వచ్చినదన్నచో అందు విచారింపదగిన చరిత్ర యేదియో యుండి తీరవలయును.

ఫ్రాన్సుదేశమున ల్వార్ అను మహానది కుడియొడ్డున లా షారితే అను చిన్న పట్టణము గలదు. జనసంఖ్య 5000కు అటునిటు. షారితే యనగా ఫ్రెంచిభాషలో దానము, దయ. 11వ శతాబ్దమున, 1059లో, క్లూనీ శాఖకు చెందిన సన్న్యాసులు అచ్చట మఠము స్థాపించి, దారిన పోవు బీదలకును యాత్రికులకును అన్నము పెట్టుచుండిరి. ఆ యన్నదానము పేరే యూరి పేరైనది. స్పెయినుదేశపు సాంత్యాగో క్షేత్రమునకు కాలినడకను పోవు క్రైస్తవయాత్రికులకు అది యొక మజిలీ. 1107లో పోపు రెండవ పాస్కలు స్వయముగా వచ్చి అచ్చటి దేవాలయమును ప్రతిష్ఠించెను. 1429లో జోన్ ఆఫ్ ఆర్క్ వీరాంగన ఆ పట్టణమును ముట్టడించి, గెలువజాలక మరలిపోయెను. 1559లో గొప్ప యగ్నిప్రమాదము దేవాలయములో చాలభాగమును చెఱచినది. పిమ్మట ఫ్రెంచి విప్లవము మఠమును రద్దు చేసినది. రైలు వచ్చి నదిమీది పడవవర్తకమును తినివేసినది. 1840లో ప్రభుత్వపు ఇంజనీర్లు మిగిలిన దేవాలయము నడుమనుండియే రాచబాట వేయనెంచగా, ప్రోస్పెర్ మెరిమే అను కథకుడు, పురాతన కట్టడముల తనిఖీదారుగా నున్నవాడు, అడ్డుపడి దానిని కాపాడెను. కథలు వ్రాయువాడు రాళ్లను కాపాడిన యీ సంగతి మాకు మిక్కిలి ప్రియమైనది.

ఇట్లు పాతబడిన యూరికి 20వ శతాబ్దము చివర పాత పుస్తకములవారు చేరుకొనిరి. ఖాళీపడిన కొట్లు చవుకగా దొరకెను. ఒకరి వెంట నొకరు వచ్చి ఇరుకువీధులలో అంగళ్లు తెఱచిరి. 2000 నాటికి అది పుస్తకనగరమని పేరు పొందెను. ఈ యుపాయము వారికి క్రొత్తగా తోచినది గాదు. వేల్సుదేశపు సరిహద్దున, వై నది యొడ్డున, హే యను కుగ్రామము వంటి పట్టణములో రిచర్డు బూత్ అను యువకుడు 1960ల మొదట పాతపుస్తకముల కొట్టు పెట్టి, ఊరినే పుస్తకముల సంతగా మార్చి, 1977 ఏప్రిలు 1వ తేదిని తన్ను తాను ఆ యూరికి రాజుగా ప్రకటించుకొనెను. తేదిని బట్టియే అది హాస్యమని చదువరులు గ్రహింతురు. హాస్యమైనను ఊరు బ్రదికినది. 1984లో బెల్జియము నందలి రెదూ, ఆ తరువాత ఫ్రాన్సునందలి బెషెరెల్, మోంతోల్యూ అను గ్రామములు ఆ బాటనే పట్టెను. మన దేశమున 2017లో మహారాష్ట్రప్రభుత్వమువారు భిలార్ అను కొండగ్రామమును పుస్తకముల ఊరుగా దిద్దిరి. అందు ఇండ్లలోనే పుస్తకములుంచి వచ్చినవారిని చదువుకొనుడని ఆహ్వానింతురు.

మఱి మన తెలుగునాట నదియొడ్డున ఇట్టి పట్టణ మున్నదా? ఫ్రెంచివారి పట్టణమే కావలయునన్న గోదావరిమీద మనకు యానాము గలదు. అది 1954 వఱకు వారి యధీనములో నుండెను. కాని యానామునకు పేరు తెచ్చినది పుస్తకములు గావు, పెండ్లిండ్లు. 1929లో శారదాశాసనము బాల్యవివాహములను నిషేధింపగా, ఆ శాసనము ఫ్రెంచిభూమిలో చెల్లదు గనుక, ఇరుగుపొరుగు జిల్లాల పెద్దలు పసిబిడ్డలను పడవలలో నెక్కించుకొని యానాము పోయి మంగళసూత్రములు కట్టించి తెచ్చుచుండిరి. స్వేచ్ఛ, సమానత యని గోడలమీద వ్రాసికొన్న రాజ్యము ఈ విధముగా మనకు ఉపయోగపడినది! దానిని విడిచి, అదే నదికి ఎగువనున్న రాజమహేంద్రవరమునకు పోవుదము. లా షారితేకు మనలో సాటి రాదగిన పట్టణము అదియే.

మేము కాజీపల్లిలో నుండువారము. మందుల కర్మాగారముల పొగగొట్టములే ఇచ్చటి గోపురములు. పుస్తకమొకటి కావలసిన హైదరాబాదునకు బస్సెక్కవలయును. ఇంత దూరమున నున్న మాకు గోదావరి యొడ్డు పుస్తకపు టంగళ్లతో పని యేమని యడుగుదురేమో. మా జిల్లాలో పాఱు మంజీర కందకుర్తి యొద్ద గోదావరిలో గలయుచున్నది. మా నీరు రాజమహేంద్రవరమునకు పోవుచుండగా, అచ్చటి పుస్తకములు చిరకాలము మాకు ఎదురువచ్చుచుండినవి. ఇప్పటికిని కర్మాగారపు కార్మికులు అద్దెకుండు గదులలో గోడమేకునకు వ్రేలాడు పంచాంగమును త్రిప్పి చూచినచో, చాలమాఱులు క్రింద రాజమండ్రి అనియే యుండును.

ఆ పట్టణమున భారతము పుట్టినదనియు, 11వ శతాబ్దమున రాజరాజనరేంద్రుని కొలువులో నన్నయభట్టు దానిని తెనిగింప మొదలిడెననియు బడిపిల్లలందఱకు తెలియును. వీరేశలింగముగారిని గూర్చియు తెలియును. ఆ కవి వ్రాసినదానిని, ఈ సంస్కర్త యచ్చువేసినదానిని మూటగట్టి ఊరూరికి చేర్చిన వర్తకుని గూర్చి మాత్రము మన సాహిత్యచరిత్రలు ఒక పుట యైనను వ్రాయవు. వానికి బిరుదములు లేవు, శతజయంతులు లేవు. అచ్చుపుస్తకము వచ్చిన తరువాతి కాలమును వానిని విడిచి తెలిసికొనుట యసాధ్యమని మా యభిప్రాయము.

మొదట ఊరి యునికిని జూడవలయును. 1847 మొదలు 1852 వఱకు ఆర్థరు కాటను దొరగారు ధవళేశ్వరమున ఆనకట్ట కట్టించిరి. దానివలన పంటలు పండిన సంగతి అందఱును చెప్పుదురు. కాలువలు పొలములకు నీరిచ్చుటయే గాక పడవలకు బాటలైనవి. ఒకవైపు కాకినాడ, ఒకవైపు ఏలూరు, అచ్చటినుండి బెజవాడ, కృష్ణదాటి బకింగుహాము కాలువ మీదుగా మద్రాసు వఱకు నీటిమీదనే ప్రయాణము సాగుచుండెను. రెండవది, డెల్టా పంట రైతు చేతికి రొక్కము నిచ్చినది; పిల్లవానిని బడికి పంపు తాహతు కలిగినది. 1853లో జిల్లాపాఠశాలగా మొదలైన విద్యాలయము క్రమముగా కళాశాల యైనది. ఉపాధ్యాయులను తయారుచేయు శిక్షణకళాశాలయు వచ్చెను. బడి యున్నచోట బాలశిక్ష కావలయును, ఉపాధ్యాయుడున్నచోట వ్యాకరణము, నిఘంటువు కావలయును. బడిపుస్తకమే ఏ పుస్తకవర్తకునికైనను అన్నము పెట్టు సరకు. కావ్యములు, నవలలు దానిమీది నేయి.

అప్పటికి తెలుగు అచ్చునకు రాజధాని మద్రాసు. 1854లో వావిళ్ల రామస్వామిశాస్త్రులుగారు స్థాపించిన ముద్రణాలయము అచ్చటనే. గుజిలీ అంగళ్లలోని చవుకప్రతులును అచ్చటివే. తప్పులతడకలైన యచ్చునకు గుజిలీ ప్రతి యను పేరు నేటికిని నిలిచియున్నది. 1874లో ధవళేశ్వరమున ఇంగ్లీషుపాఠశాలకు ప్రధానోపాధ్యాయుడుగా నున్న ఇరువదియాఱేండ్ల వీరేశలింగముగారు వివేకవర్ధని పత్రికను మొదలిడినప్పుడు, గోదావరి యొడ్డున వ్రాసినది మద్రాసునకు పంపి అచ్చువేయించుకొనవలసి వచ్చెను. ఇంత దూరము పోయివచ్చు పత్రిక వేడి చల్లారిపోవును. కొలదికాలములోనే మిత్రులతో గూడి ఆయన రాజమహేంద్రవరమున ముద్రాక్షరశాల నెలకొల్పెను. బడిపంతులు అచ్చుకూటపు యజమాని యగుట ఆనాడు వింతయే. ఆ యచ్చుకూటము లేకున్నచో 1881 డిసెంబరు 11వ తేది రాత్రి జరిగిన మొదటి వితంతువివాహము ఒక యింటి సంగతిగా మిగిలిపోయెడిది. పత్రిక యుండుటచేతనే అది దేశపు సంగతి యైనది.

వీరేశలింగముగారు సంస్కర్తగా వ్రాసిన వ్యాసములకంటె కథకుడుగా వ్రాసినవే ఎక్కువ దూరము పోయినవని మా నమ్మకము. రాజశేఖరచరిత్రము 1878లో పత్రికలో వచ్చి, 1880లో పుస్తకమైనది. ఆ కథ ధవళేశ్వరమున నడచును. ఇంగ్లీషు కథ నాధారముగా గొన్నను అందలి జోస్యులు, స్వర్ణయోగము చేయు బైరాగులు, భూతవైద్యులు మన వీధులలోనివారు. 1887లో లండనునగరమున దాని కింగ్లీషు అనువాదము ప్రకటితమైనది. వ్యవహారధర్మబోధిని వంటి ప్రహసనములను ఆయన వాడుకమాటలలోనే వ్రాసి, లంచగొండులను, కూటసాక్షులను వారి నోటితోనే మాటలాడించెను. 1883లో స్త్రీల కొఱకు సతీహితబోధినిని మొదలిడెను. ఇవన్నియు అంగడిలో అమ్ముడుపోవు రూపములే: కథ, ఆట, నెలపత్రిక. ధర్మశాస్త్రవాదములను పండితులకు విడిచి, సామాన్యుడు డబ్బిచ్చి కొను రూపమున తన మాటను చెప్పుట ఆయన యెఱిగిన విద్య.

ఈ దారిని ఇతరులును పట్టిరి. న్యాయపతి సుబ్బారావుగారి ప్రోత్సాహమున 1891లో చింతామణి మాసపత్రిక వెలువడి, కొలదియేండ్లకే నవలలకు పందెములు పెట్టి బహుమానము లిచ్చుచుండెను. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు రామచంద్రవిజయము వ్రాసి బహుమానము గొనినది అచ్చటనే. చూపు మందగించి, తుదకు పూర్తిగా పోయినను ఆయన చెప్పుచుండగా ఇతరులు వ్రాయుచుండిరి; పత్రికలు నడపిరి; 1909లో హరిజనబాలురకు రామమోహనపాఠశాల పెట్టిరి. ఆయన నాటకము గయోపాఖ్యానము లక్ష ప్రతులకు మించి అమ్ముడుపోయెనని సాహిత్యచరిత్రకారులు చెప్పుదురు. ఊరికొక నాటకసమాజమున్న దినములవి. కృష్ణుడు వేయువానికి ఒక ప్రతి, అర్జునుడు వేయువానికి ఒక ప్రతి, హార్మోనియము వాయించువానికి ఒకటి. ఈ లెక్కను కనిపెట్టినవాడు విమర్శకుడు గాదు, పుస్తకములమ్మువాడు.

ఇక ఆ యమ్మువారిని గూర్చి. కొండపల్లి వీరవెంకయ్య అండ్ సన్స్ అను పేరు తెలుగుదేశపు పాతయిండ్లలో ఏ అటక దింపినను కనబడును. గొల్లపూడి వీరాస్వామి సన్, అద్దేపల్లి అండ్ కో, రౌతు బుక్ డిపో అనునవియు ఆ పట్టణపువే. ఒక్కొక్కరి చేయి ఒక్కొక్క వైపు. పురాణములు, పంచాంగములు, జ్యోతిషము, వైద్యము ఒకచోట; నాటకములు, నవలలు వేఱొకచోట; అపరాధపరిశోధక కథలు మఱియొకచోట. పండితుడు తిరస్కరించినను, సంస్కర్త కోపించినను, స్త్రీలు పాడుకొను ఊర్మిళాదేవి నిద్ర, లక్ష్మణదేవర నవ్వు మొదలైన పాటలను ఒకటి రెండు ఫారములలో అచ్చువేసి చవుకగా అందించినది ఇట్టి వర్తకులే. బడి యెఱుగని యవ్వ కంఠమున నున్న పాట, మనుమరాలి చేతికి పుస్తకమై వచ్చినది. కంఠతః తెలిసిన పాట గనుక అక్షరములు కూడబలుకుకొనుట సులభము. ఎందఱు ఆడువారు ఈ విధముగా, ఏ విద్యాశాఖవారి లెక్కకును ఎక్కకుండ, చదువరులైరో చెప్పగలవా రెవ్వరు?

ఈ యంగళ్ల సరకులో తలమానికము మధిర సుబ్బన్నదీక్షితులుగారి కాశీమజిలీ కథలు. పండ్రెండు భాగములు. మణిసిద్ధుడను యతి కాశికి పోవుచు, వెంట తోడుగా గోపుడను పసులకాపరిని గొనిపోవును. కుఱ్ఱవాడు ఊరక నడువడు. ప్రతి మజిలీలోను తాను చూచిన వింతకు కథ చెప్పిననే గాని అడుగు ముందుకు వేయడు. చదువరియు గోపుని వంటివాడే యని దీక్షితులుగారికి, ఆయన పుస్తకములమ్మినవారికి తెలియును. ఒక భాగము ముగిసిన రెండవ భాగము కొనవలయును. ఆ పుస్తకములలో సంస్కారము లేదనియు, రాజకుమారుల మోహములే యున్నవనియు ఆక్షేపించువారు గలరు. ఆక్షేపణలో కొంత నిజమున్నది. కాని గద్యమును గంటలకొలది విడువక చదువు నలవాటును తెలుగు గృహములలో నాటినది అట్టి కథలే. ఆ యలవాటు లేనిచోట ఏ సంస్కరణగ్రంథమునకును పాఠకుడు దొరకడు.

అమ్ముట యెట్లు జరిగెడిది? ఈ విషయమున 1877లో తపాలాశాఖవారు ప్రవేశపెట్టిన వి. పి. పద్ధతిని స్మరింపకుండరాదు. కొనువాడు ముందుగా డబ్బు పంపనక్కఱలేదు. కార్డు వ్రాసిన చాలును. అంగడివాడు కట్టను తపాలాకచ్చేరిలో నిచ్చును. జవాను గ్రామమునకు తెచ్చి, వెల వసూలు చేసి, కట్ట నిచ్చును. డబ్బు మరల అంగడికి చేరును. ఇరువురు ఒకరి ముఖ మొకరు చూడకయే నమ్మకముతో వర్తకము జరుగుటకు ఇది వీలు కలిగించినది. అందుచేతనే ఆనాటి పుస్తకముల వెనుక అట్టలమీద పొడుగాటి జాబితాలు, అణాలలో వెలలు, "పోస్టేజి ప్రత్యేకము" అను హెచ్చరికయు కనబడును. ఆ జాబితాలను చదువుటయే మా బాల్యమున మాకొక వినోదము. భాగవతము ప్రక్కన పాకశాస్త్రము, దాని ప్రక్కన బొబ్బిలికథ, దాని క్రింద కలలకు ఫలములు.

తపాలాతో పాటు నది. పండ్రెండేండ్ల కొకమాఱు బృహస్పతి సింహరాశిలో ప్రవేశించునప్పుడు గోదావరికి పుష్కరములు వచ్చును. 2003లో వచ్చినవి, 2015లో వచ్చినవి. స్నానమునకు వచ్చిన యాత్రికుడు రిక్తహస్తములతో ఇంటికి పోడు. చెంబులో గంగ, చేతిలో ఒక పుస్తకము: వ్రతకథయో, స్తోత్రమో, క్షేత్రమాహాత్మ్యమో. కోటగుమ్మము ప్రాంతమున పుస్తకపు టంగళ్లు కుదురుకొనుటకు స్నానఘట్టముల సామీప్యమును ఒక కారణముగా చెప్పుకొనవచ్చును. లా షారితేలో యాత్రికులు పోయిన కొన్ని వందలయేండ్లకు పుస్తకములు వచ్చినవి. రాజమహేంద్రవరమున యాత్రికుడును పుస్తకమును కలసియే నడచినవి.

1889లో నిజాముప్రభుత్వపు రైలు సికిందరాబాదు నుండి బెజవాడను తాకినది. 1900లో గోదావరిపై రైలువంతెన తెఱవబడినది. అంతటితో హైదరాబాదునకును రాజమహేంద్రవరమునకును ఇనుపబాట కుదిరినది. మరుసటి సంవత్సరము, 1901 సెప్టెంబరు 1న, హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము వెలసినది. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్రభాషానిలయము. రెండవదాని పేరే చూడుడు. ఓరుగంటి సీమలో గ్రంథాలయము పెట్టినవారు కాకతీయుని గాక గోదావరి యొడ్డు రాజును తలచుకొనిరి! నిజాము రాష్ట్రమున బడిచదువు ఉర్దూలో; కచ్చేరి ఉర్దూలో. 1921 నవంబరులో హైదరాబాదు సంస్కరణసభలో ఒక వక్త తెలుగున మాటలాడగా ఎగతాళి చేసి కూర్చుండబెట్టిరి. ఆ యవమానము నుండియే ఆంధ్రజనసంఘము పుట్టెను. గ్రంథాలయములు, స్వంతబడులు పెట్టుకొను స్వాతంత్ర్యము ఆ యుద్యమపు ముఖ్యమైన కోరికలలో నొకటి.

1930 మార్చిలో మా జిల్లాలోని జోగిపేటలో, సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను మొదటి ఆంధ్రమహాసభ జరిగినది. అచ్చటనే నడింపల్లి సుందరమ్మగారి యధ్యక్షతను స్త్రీలసభయు జరిగినది. ఇట్టి సభలకు వచ్చినవారు తెలుగును బడిలో నేర్చినవారు గారు. ఇంటిలో, వీథియరుగుమీద, చేతికి వచ్చిన పుస్తకము నుండి నేర్చినవారు. అట్టివారికి మొదట చేతికి వచ్చునది పెద్దబాలశిక్ష, శతకము, కాశీమజిలీ. వీరేశలింగము ఆ తరువాత. తెలంగాణమున తెలుగు బ్రదికి యుండుటలో చవుకపుస్తకమునకు గల పాలు తక్కువది గాదు.

ఇచ్చట సంస్కరణాభిలాషులైన మిత్రులతో మాకొక తగవు గలదు. "వీరేశలింగము పుట్టిన పట్టణమున నేడు శకునశాస్త్రములు, యంత్రమంత్రములు, గ్రహశాంతులు అచ్చగుచున్నవి, ఇంతకంటె సిగ్గేమి?" అని వారందురు. సరకు మంచిదని మేమనుట లేదు. బిడ్డకు జ్వరము వచ్చిన వైద్యునికి బదులు పంచాంగము చూచు నింటిని మేమును చూచియున్నాము. కాని కోపము అంగడిమీద చూపి ప్రయోజనము లేదు. ఒక్కటే బల్లమీద రాజశేఖరచరిత్రమును, అందు వెక్కిరింపబడిన జోస్యుని పంచాంగమును ప్రక్కప్రక్కన పెట్టి అమ్మిన వర్తకుడు, రెంటిలో ఏది మిన్న యని తీర్పు చెప్పలేదు. తీర్పును కొనువానికి విడిచెను. పంచాంగము కొనుటకు వచ్చినవాడు రాజశేఖరచరిత్రమును చేతితో తాకి చూచుట ఆ బల్లయొద్ద మాత్రమే సాధ్యము. మనవారు ఉత్తమగ్రంథములకు వేఱు అంగళ్లు, వేఱు సభలు, వేఱు పత్రికలు పెట్టుకొనిన తరువాత ఆ తాకిడి పోయినది. అప్పటినుండి మనము మనకే అమ్ముకొనుచున్నాము.

ఆ పట్టణము పుస్తకములను అమ్ముటయే గాక దాచుటయు నెఱుగును. నాళము కృష్ణారావుగారు యౌవనారంభముననే 1898లో పెట్టిన పుస్తకభాండాగారము వసురాయ గ్రంథాలయమైనది. కొక్కొండ వేంకటరత్నకవి పేర నింకొకటి యుండెను. ఈ రెండును 1920లో గలసి గౌతమీ గ్రంథాలయమైనవి. 1979లో ప్రభుత్వము దానిని చేపట్టినది. తాళపత్రములు, పాతపత్రికల సంపుటములు, నేడు ఏ యంగడిలోను దొరకని తొలిముద్రణలు అందు గలవు. మొదట వాటిలో ననేకము ఏ కోటగుమ్మము అంగడిలోనో రెండు మూడణాలకు అమ్ముడుపోయినవే.

స్వాతంత్ర్యము వచ్చిన తరువాత పుస్తకవ్యాపారపు కేంద్రము క్రమముగా కృష్ణ యొడ్డునకు జరిగినది. రైలుకూడలి విజయవాడ, 1953లో విశాలాంధ్ర ప్రచురణాలయము అచ్చట పుట్టినది, ఏలూరురోడ్డు ప్రచురణకర్తలతో నిండినది, 1989 నుండి జనవరిలో పుస్తకమహోత్సవము జరుగుచున్నది. పిమ్మట హైదరాబాదు వంతు. రాజమహేంద్రవరమునకు భక్తిగ్రంథములు, పంచాంగములు మిగిలినవి. వీనికి పాఠకుడు నేటికిని తగ్గలేదు.

ఇక లా షారితేకును మన పట్టణమునకును గల పెద్ద భేదమును చెప్పవలసియున్నది. అచ్చటివారు అమ్మునది పాతపుస్తకము. తాత చనిపోగా మనుమడు తాతగారి బీరువాను ఎవరికో ఒకరికి అమ్మును. అమ్మినది మఱియొక చదువరికి చేరును. మనయొద్ద క్రొత్తపుస్తకమును అమ్మువా రుండిరి గాని, పాతదానికి వెలగట్టువారు లేకపోయిరి. తాత చనిపోయిన యింట బీరువా నుండి అటకకు, అటక నుండి తూకమునకు. 19వ శతాబ్దము నడుమ నుండి కొయ్యగుజ్జుతో చేయు కాగితములో పులుసు మిగిలి, ఆకు పసుపెక్కి, ముట్టుకొన్న విఱుగును. ఆపై చెదలు, గోదావరి వరదలు. మిగిలినవానిలో పెక్కింటిని యంత్రములతో చిత్రములు తీసి అంతర్జాలమున పెట్టియున్నారు. అది గొప్ప యుపకారమే. మేమును వానివలన బ్రదుకుచున్నాము. కాని చిత్రమునకై ఆకులు విప్పిన పుస్తకము మరల కుట్టబడుట అరుదు.

పాతపుస్తకములకు మనకున్న చోటులు రెండు మూడు. విజయవాడలో లెనిను సెంటరు. హైదరాబాదులో కోఠీ, ఆదివారము నాటి ఆబిడ్సు కాలిబాట. కడచిన యేడు ఆ కాలిబాటమీద మాకు కాశీమజిలీ కథల విడిభాగమొకటి దొరకినది. అట్టలోపల రాజమండ్రి అంగడి ముద్ర; దాని క్రింద పెన్సిలుతో ఒక స్త్రీ పేరు, "అయిదవమాఱు" అను మాట. తక్కిన భాగములెక్కడ నని యడుగగా అమ్మువాడు, "బస్తాలో ఇదొక్కటే వచ్చింది సార్, మిగతావి తూకానికి పోయుంటాయి" అనెను. నలువది రూపాయలు తీసికొనెను.

2027లో మరల గోదావరికి పుష్కరములు వచ్చుచున్నవి. ఘట్టముల యొద్ద పందిళ్లు వేయుదురు, కొట్లు వేలము వేయుదురు. ఆ కొట్లలో ఒక్క వరుసను పాతపుస్తకములకు విడువవచ్చును. ఆఱునెలలు ముందుగా జిల్లాలలో ప్రకటింపవలయును: మీ యింటి అటకమీద తాతగారి పుస్తకములున్నచో తూకమునకు వేయక తెండు, వెల గట్టి కొందుమని. వెల గట్టుటకు ప్రతి జిల్లాకు ఒక తెలిసిన గ్రంథపాలకుని పెట్టిన చాలును. కొనకుండ మిగిలినవి గౌతమీ గ్రంథాలయమునకు, లేదా బడులకు పంపవచ్చును. మా కాజీపల్లి వంటి చోటులనుండి వచ్చువారు ఒక పెట్టె నిండ కొనిపోగలరు. బల్లలమీద భాగవతములు, పంచాంగములు ఉండనిండు. వాని నడుమనే రాజశేఖరచరిత్రమును పెట్టవలయును.